మొద్దు మార్కులు

నా మాట విని బాగుపడినవాళ్లు మా జట్టులో చాలామందే ఉన్నారు. చెడిపోయింది ఒక్కతే. నేను చెప్పబోయేది ఆ ఒక్కదాని గురించి.

నేను ఫుట్‌బాల్ ఆడి జీతం తీసుకునే మనిషిని. పన్నెండేళ్లుగా ఒకే క్లబ్బులో వెనక వరుసలో నిలబడి, దూసుకొచ్చేవాళ్లను ఆపడం నా ఉద్యోగం. అందుకే అందరూ నన్ను గోడక్క అంటారు. వయసు ముప్పై మూడు. మా ఆటలో ముప్పై మూడంటే కాటికి కాళ్లు చాపుకున్నట్టే లెక్క. మెట్లను చూడగానే మోకాళ్లు మూలుగుతాయి. చేతికి కెప్టెన్ పట్టీ ఉంది కాబట్టి గౌరవంగా చూస్తారు గానీ, లేకపోతే ఎప్పుడో పక్కన పెట్టేవాళ్లు. నోరు మాత్రం ఇంకా ముసలిది కాలేదు. ఎవరికి సలహా కావాలన్నా ఇస్తాను, అక్కర్లేదన్నా ఇస్తాను.

ఆ పిల్ల మా క్లబ్బులో చేరేటప్పటికి దానికి పంతొమ్మిదేళ్లు. మొదటి రోజు ప్రాక్టీసులో బంతిని కాళ్ల దగ్గర పెట్టుకుని నాకు వీపు చూపిస్తూ నిలబడింది. అలా నిలబడేవాళ్లను ఆపడం నాకు కొట్టిన పిండి. ఎడమకు తిరుగుతుందని అటు అడుగు వేశాను. అది ఎడమకు తిరగబోయి, కుడికి తిరిగి, మళ్లీ ఎడమకే తిరిగి వెళ్లిపోయింది. నేను గడ్డిలో కూలబడ్డాను. జట్టంతా పొట్ట పట్టుకుని నవ్వింది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని మా గోల్‌కీపర్ నా చెవి దగ్గరికొచ్చి మరీ చెప్పి పోయింది. ఆ మధ్యాహ్నమంతా నాకు ఒళ్లు మండుతూనే ఉంది. సాయంత్రానికి దానికి బొంగరం అని పేరు పెట్టి, నేనే నా గదిలోకి తెచ్చుకున్నాను.

క్లబ్బు మాకిచ్చిన గది బట్టలుతికే దుకాణం పైన, మూడో అంతస్తులో ఉండేది. రెండు మంచాలు, ఒక కిటికీ, నీళ్లు కాచుకోవడానికి ఒక కెటిల్. కింద మిషన్లు తిరుగుతుంటే మా నేల సన్నగా అదిరేది. బొంగరం మేజోళ్లు కిటికీ చువ్వలకు ఆరేసేది, కాళ్లకు కట్టుకునే షిన్‌గార్డులు కుర్చీకి తగిలించేది, తడి తువ్వాలు తెచ్చి నా మంచం మీద పడేసేది. "ఇది గదా, పశువుల కొట్టమా?" అని తిట్టేదాన్ని. "రెండూ కాదక్కా, దేశం జట్టులో ఆడబోయే మనిషి గది. పేరొచ్చాక మ్యూజియం చేస్తారు, ఏదీ కదపకు" అనేది. పళ్లు తోముకుంటూ శ్రుతి లేని పాటలు పాడేది. నాకు చెల్లెళ్లు లేరు. ఉంటే ఇలాగే విసుగు పుట్టిస్తారు కాబోలు అనుకునేదాన్ని.

వాళ్లమ్మ స్కూలు బస్సు నడుపుతుంది. తండ్రి ఊసెత్తితే బొంగరం మాట తప్పించేది, నేనూ తవ్వలేదు. ఏడేళ్లప్పుడు బస్సుల షెడ్డు వెనక మగపిల్లలతో ఆడటం మొదలుపెట్టిందట. వాళ్లు రానివ్వకపోతే జుట్టు కత్తిరించుకుని వెళ్లిందట. పదమూడో ఏట ఒక కోచ్ కంట్లో పడింది. అప్పటి నుంచి దాని మ్యాచ్ ఎక్కడున్నా వాళ్లమ్మ పిల్లలందరినీ ఇళ్ల దగ్గర దింపేసి, యూనిఫాం మార్చుకోకుండానే పరుగెత్తుకొచ్చి చివరి పది నిమిషాలు చూసి వెళ్లేదట. మా క్లబ్బుతో దానికి కుదిరింది ఒక్క ఏడాది ఒప్పందం. వాళ్లమ్మ రోజూ సాయంత్రం ఫోన్ చేసి, తిన్నావా అని దాన్నీ, తిన్నదా అని నన్నూ విడివిడిగా అడిగేది. పిన్నీ అని పిలవమని ఆవిడే చెప్పింది.

ఇక తల పరీక్ష సంగతి. బయటివాళ్లకు తెలియదు కాబట్టి విడమరచి చెబుతాను. సీజన్ మొదలయ్యే ముందు మా జట్టు డాక్టరు గారు మమ్మల్ని ఒక్కొక్కరినీ కంప్యూటర్ ముందు కూర్చోబెడతారు. తెర మీద పది మాటలు వస్తాయి. కాసేపయ్యాక అందులో ఎన్ని గుర్తున్నాయో చెప్పాలి. బొమ్మ కనపడగానే మీట నొక్కాలి. ఆ తర్వాత కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడాలి. వచ్చిన మార్కులు ఫైల్లో పెడతారు. సీజన్లో ఎవరి తలకైనా దెబ్బ తగిలితే మళ్లీ అదే పరీక్ష. పాత మార్కులు తిరిగి వచ్చాయంటే తల కుదురుగా ఉన్నట్టు, ఆడనిస్తారు. తగ్గాయంటే బయట కూర్చోవాలి.

మంచి ఏర్పాటే. కాకపోతే బయట కూర్చోవడం అంటే ఏమిటో ఆ కంప్యూటర్‌కు తెలియదు. నాకు తెలుసు. ఇరవై ఒకటో ఏట తలకు తగిలి ఆరు వారాలు బెంచీ మీద కూర్చున్నాను. నేను లేచేసరికి నా చోట్లో ఇంకొకతి ఉంది. అప్పటికి దేశం జట్టుకు నా పేరు అనుకుంటున్నారు. ఆ తర్వాత ఎవరూ అనుకోలేదు. మా ఒప్పందాలన్నీ ఏడాదివే కాబట్టి నెలరోజులు కనపడకపోతే మనిషిని మరిచిపోతారు.

అందుకని మా ముందుతరం వాళ్లు ఒక ఉపాయం కనిపెట్టారు. సీజన్ ముందు పరీక్షనే కావాలని మొద్దుగా రాయాలి. అప్పుడు రేపు నిజంగా తల దిమ్మెక్కి ఉన్నా ఆ మార్కులే వస్తాయి, ఆడనిస్తారు. వీటిని మేం మొద్దు మార్కులు అంటాం. ఆ బెంచీ మీద నుంచి లేచాక నాకు మా పాత గోల్‌కీపర్ నేర్పింది, ఆవిడకు ఇంకెవరో నేర్పారు. బూటు లేసు ఎలా బిగించాలో చెప్పినంత మామూలుగా పెద్దవాళ్లు చిన్నవాళ్లకు చెప్పుకుంటూ వచ్చారు. నేను చాలామందికి చెప్పాను. అందరూ ఆడుతూనే ఉన్నారు.

పరీక్ష రోజు పొద్దున డ్రెస్సింగ్ రూములో బొంగరాన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"పది మాటలు చెబితే ఎన్ని గుర్తుంటాయే నీకు?"

"పదీ."

"పదీ చెప్పావంటే వీపు చీరేస్తా. ఆరు చెప్పు. మరీ మూడు నాలుగు చెప్పకు, మిషన్ అనుమానిస్తుంది. బొమ్మ కనపడ్డాక మనసులో ఒకటి అని లెక్కపెట్టి అప్పుడు నొక్కు. ఒంటికాలి మీద రెండుసార్లు తూలు."

అది పడీ పడీ నవ్వింది. "ఫెయిలవడానికి ట్యూషనా అక్కా? బళ్లో ఏ ట్యూషనూ లేకుండానే అయ్యేదాన్ని."

"నోరు మూసుకుని నేర్చుకో. పెద్దల మాట చద్దిమూట."

అది చెప్పింది చెప్పినట్టు చేసింది. ఆరు మాటలు, రెండు తూలుళ్లు. డాక్టరు గారు ఫైలు పట్టుకుని బయటికొచ్చారు. ఆయన మెతక మనిషి, జేబులో ఎప్పుడూ బిస్కెట్ ప్యాకెట్ ఉంటుంది. "ఏమ్మా, మైదానంలో అంత చురుగ్గా ఉండే పిల్ల కంప్యూటర్ ముందు కూర్చుంటే కునికిపాట్లు పడుతోందేంటి?" అన్నారు. "అది కాళ్లతో ఆలోచిస్తుంది డాక్టరు గారూ" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ సీజన్లో బొంగరం ఎనిమిది మ్యాచుల్లో ఏడు గోల్సు కొట్టింది. నేను వెనక నుంచి పొడుగ్గా బంతి ఎత్తడం, అది ఎక్కణ్ణుంచో వచ్చి తల పెట్టడం, మా ఇద్దరికీ అలవాటైపోయింది. ప్రాక్టీసులో రోజుకు నలభైసార్లు అదే పని. పేపర్లో బొటనవేలంత ఫోటో పడితే వాళ్లమ్మ దాన్ని బస్సు అద్దానికి అంటించింది. పదో మ్యాచ్ చూడటానికి దేశం జట్టు సెలెక్టర్లు వస్తున్నారని కోచ్ చెప్పిన రోజు బొంగరం గదిలో మంచం మీదెక్కి గెంతింది. మంచం పట్టీ విరిగింది. ఇద్దరం కలిసి తాడుతో కట్టాం.

తొమ్మిదో మ్యాచ్‌లో దెబ్బ తగిలింది. కార్నర్ నుంచి వచ్చిన బంతికి బొంగరం, అవతలి జట్టు పిల్ల ఒకేసారి ఎగిరారు. తలా తలా కొట్టుకున్న చప్పుడు నాకు వెనకదాకా వినపడింది. బొంగరం వెంటనే లేచి నిలబడి "బాగానే ఉన్నా, బాగానే ఉన్నా" అంది. నేను దగ్గరికి వెళ్లాక నా జెర్సీ పట్టుకుని మెల్లగా "అక్కా, మనం ఎటువైపు కొట్టాలి?" అని అడిగింది. అప్పటికి గంట నుంచి ఆడుతున్నాం. నేను చెయ్యెత్తి డాక్టరు గారిని పిలిచాను. ఆయన దాన్ని బయటికి తీసుకెళ్లారు. ఆ ఒక్క పని నేను సరిగ్గా చేశాను.

మర్నాడు అది కర్టెన్ వేసుకుని, కళ్ల మీద తువ్వాలు కప్పుకుని పడుకుంది. కింద మిషన్లు తిరుగుతుంటే తలలో తిరుగుతున్నట్టుంది అంది. సోమవారం వాంతి చేసుకుంది. మంగళవారం నీళ్లు పొయ్యకుండా కెటిల్ పెట్టి, కాలిన వాసన వస్తున్నా దాని ముందే నిలబడి చూస్తోంది. పాటలు మానేసింది. డాక్టరు గారు ఎలా ఉందని అడిగిన ప్రతిసారీ "సూపర్" అని చెప్పింది. బుధవారం పరీక్ష. శనివారం మ్యాచ్.

బుధవారం పొద్దున అది బూట్లు వేసుకుంటుంటే చూశాను. లేసు ముడి మూడుసార్లు తప్పింది.

"ఒసేయ్, ఈ ఒక్క మ్యాచ్ మానెయ్యవే. సెలెక్టర్లు ఎక్కడికీ పోరు" అన్నాను.

"నువ్వు మానేశావుగా అక్కా. ఏమైంది?"

నేను వంగి దాని లేసు ముడి వేశాను.

"ఆరు మాటలేగా. ఆరు గుర్తుంటాయిలే. నువ్వు మాత్రం ఏం చెప్పకు. ఒట్టు వెయ్యి" అంది. నేను ఒట్టు వెయ్యలేదు, కాదనీ అనలేదు.

దానికి ఆరు మాటలు గుర్తున్నాయి. మీట ఆలస్యంగా నొక్కింది, ముందుసారి నొక్కినంత ఆలస్యంగానే. రెండుసార్లు తూలింది. ఈసారి వేటినీ కావాలని చెయ్యలేదు. కంప్యూటర్ పాత మార్కులతో సరిపోయాయని చెప్పింది.

ప్రాక్టీసు అయ్యాక నేను ఐసు తొట్టిలో నడుము దాకా మునిగి కూర్చున్నాను. డాక్టరు గారు వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నారు. చేతిలో ఫైలు ఉంది.

"మార్కులు సరిపోయాయమ్మా. సంతకం పెట్టాలి. ఎందుకో నా మనసు ఒప్పుకోవడం లేదు. మీరిద్దరూ ఒకే గదిలో ఉంటారు కదా, నువ్వు చెప్పు. మామూలుగానే ఉందా?"

ఆయన వెనక గాజు తలుపు అవతల అది నిలబడి నన్నే చూస్తోంది. మొదటి మార్కులే అబద్ధం డాక్టరు గారూ అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది. దాంతోపాటే ఇరవై ఒకటో ఏట నేను కూర్చున్న బెంచీ గుర్తొచ్చింది. నా చోట్లో ఆడిన పిల్ల వీపు మీది నంబరు గుర్తొచ్చింది. వెధవది ఇన్నేళ్లయినా మరుపు రాలేదు. దీనికి ఆ గతి పట్టకూడదనుకున్నాను. అంత ప్రేమ నాకు.

"మామూలుగానే ఉంది డాక్టరు గారూ."

"నిద్రపోతోందా?"

"గుర్రుపెట్టి."

"సరే అయితే" అని ఆయన తొట్టి అంచు మీద ఫైలు పెట్టి సంతకం చేశారు.

శనివారం వాళ్లమ్మ సెలవు పెట్టి మ్యాచ్ మొత్తం చూడటానికి వచ్చింది. సెలెక్టర్లు ఇద్దరు రెండో వరుసలో కూర్చున్నారు. ఇరవయ్యో నిమిషంలోనే బొంగరం గోల్ కొట్టింది. ఇద్దరిలో ఒకాయన ఏదో రాసుకోవడం నేను చూశాను. ఆ క్షణంలో నేను చేసింది రైటేనని నాకు నేనే భుజం తట్టుకున్నాను. ఈ సంగతి చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ దాచను.

డెబ్బయ్యో నిమిషంలో మాకు ఫ్రీకిక్ వచ్చింది. బంతి ఎత్తింది నేనే. గట్టి బంతేమీ కాదు, రోజూ నలభైసార్లు ఎత్తేదే. బొంగరం వచ్చి తల పెట్టింది. బంతి బార్ మీదుగా పోయింది. అది నావైపు తిరిగి, బంతి బాగా ఇచ్చావన్నట్టు బొటనవేలు చూపించింది. నాలుగడుగులు వేసింది. ఆగి, గడ్డిలో కూర్చుంది. తర్వాత పక్కకు ఒరిగి పడుకుంది. నేను మైదానం అడ్డంగా పరుగెత్తి వెళ్లి దాని మొహం నా చేతుల్లోకి తీసుకున్నాను. కళ్లు తెరిచే ఉన్నాయి, ఒక కన్ను చూపు ఒకవైపూ రెండోది ఇంకోవైపూ ఉంది. బొంగరం, బొంగరం అని అరిచాను. వాళ్లమ్మ కంచె దూకి వస్తున్నది నాకు కనపడింది.

పుర్రె తెరిచి ఆపరేషన్ చేశారు. పంతొమ్మిది రోజులు స్పృహ లేదు. మొదటి దెబ్బ మానకుండానే రెండోది తగిలిందనీ, అలాంటప్పుడు రెండోది ఎంత చిన్నదైనా మెదడు వాచిపోతుందనీ ఆపరేషన్ చేసినాయన వరండాలో మాకు చెప్పాడు. పిన్ని నా చెయ్యి పట్టుకుని వింది. ఆ ఇనప కుర్చీల్లో ఆవిడ నా భుజం మీద తల పెట్టుకుని కళ్లు మూసుకునేది. "పరాయి చోట నా బిడ్డని కడుపున పుట్టినదానిలా చూసుకున్నావు తల్లీ" అనేది. నేను కదలకుండా కూర్చునేదాన్ని. జట్టు పిల్లలు ఒక్కొక్కరే వచ్చి, ఆ బంతి నువ్వు ఎత్తావని బాధపడకక్కా, అందులో నీ తప్పేముంది అని ఓదార్చేవాళ్లు. నిజమే, ఆ బంతిలో తప్పేమీ లేదు. చెయ్యని తప్పుకు అందరూ నన్ను క్షమించారు.

పన్నెండో రోజు దేశం జట్టు జాబితా వచ్చింది. సెలెక్టర్లు దాని గోల్ చూడగానే పేరు రాసేసుకున్నారట, తర్వాత తీసెయ్యడానికి ఎవరికీ మనసొప్పలేదట. అందులో దాని పేరు ఉంది. పిన్ని ఆ కాగితం తీసుకెళ్లి, గొట్టాల మధ్య పడుకున్నదాని చెవి దగ్గర పెట్టి పైనుంచి కింద దాకా చదివింది. దాని పేరు వచ్చిన చోట ఆగి రెండోసారి చదివింది. నేను బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

క్లబ్బు విచారణ పెట్టింది. పొడుగాటి బల్ల, నీళ్ల సీసాలు, ముగ్గురు పెద్దమనుషులు. ఆ వారంలో నీకేమైనా తేడా కనపడిందా అని నన్ను అడిగారు. లేదన్నాను. డాక్టరు గారు ఎదురుగా కూర్చున్నారు. ఇప్పుడు చెబుతారు, ఈమెను అడిగాను, మామూలుగానే ఉందని ఈమే చెప్పింది అంటారు, అనుకున్నాను. అనాలని కోరుకున్నాను కూడా. ఆయన నావైపు చూడకుండా "సంతకం నాది. ఆ పిల్లల్ని అడగాల్సింది ఏమీ లేదు" అన్నారు. ఆయన్ని తీసేశారు. ఒకరోజు ఆస్పత్రికి పళ్లు పట్టుకుని వచ్చారు. పిన్ని వరండాలో అందరి ముందూ నా బిడ్డ తల తిన్నావని నోటికొచ్చినట్టు తిట్టింది. ఆయన సంచి కుర్చీలో పెట్టి వెళ్లిపోయారు. పిన్నికి నేనే నీళ్లు తాగించాను.

ఇదంతా జరిగి తొమ్మిది నెలలైంది. బొంగరం ఇప్పుడు వాళ్లమ్మ దగ్గరే ఉంటోంది. కుడికాలు ఈడుస్తుంది. కుడిచెయ్యి పట్టు దొరకదు కాబట్టి ఎడమచేత్తో రాస్తోంది. వెలుతురు పడదని ఇంట్లో కిటికీలన్నిటికీ ముదురు రంగు దుప్పట్లు కట్టారు. పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి ఉండదు. స్పూను కనపడుతుంది, దాని పేరు రాదు, "అది... తినేది" అంటుంది. నవ్వు మాత్రం పోలేదు. నేను వెళ్లినప్పుడల్లా "బొంగరానికి తాడు ఊడిందక్కా" అంటుంది, ఆ మాట కిందటిసారి కూడా అన్నానని దానికి తెలియదు. నేను ప్రతిసారీ కొత్తగా నవ్వుతాను. పక్షానికొకసారి, ఆదివారం పూట, రెండు గంటలు రైల్లో వెళ్లి దాన్ని చూసి వస్తాను. పిన్ని నాకు భోజనం పెట్టి, స్టేషన్ దాకా వచ్చి పంపుతుంది.

కిందటి ఆదివారం ఎలాగైనా చెప్పెయ్యాలని వెళ్లాను. ఇక ఆవిడ పెట్టే అన్నం తినలేకపోతున్నాను. రైల్లో మాటలన్నీ కూర్చుకున్నాను. ఇంటికెళ్లేసరికి పిన్ని డాబా మీద ఆరిన బట్టలు తీస్తోంది. బొంగరం గదిలో గోడకు చేరగిలబడి, ఒళ్లో నోటుపుస్తకం పెట్టుకుని కూర్చుంది. ఏది విన్నా అందులో రాసుకోమని ఆస్పత్రివాళ్లు అలవాటు చేశారు.

"అక్కా, తలుపు దగ్గరగా వెయ్యి" అంది. వేశాను.

"వచ్చే నెల... పెద్ద డాక్టరు. పరీక్ష పెడతాడంట. పాసైతే..." మాట వెతుక్కుంది. కాలితో నేల మీద తన్నినట్టు చూపించింది.

"ఆడటమా?"

"ఆ. ఆడొచ్చు. అమ్మకి చెప్పకు, వద్దంటుంది." అలిసిపోయి గోడకు తల ఆనించింది. "నువ్వు నాకేదో నేర్పావక్కా. పరీక్షకి. ఆ గదిలో, బూట్లు వేసుకునే గదిలో. నేను నవ్వాను. నవ్వడం గుర్తుంది. దాంతోనే పాసయ్యాను కదా? అదేంటో రావట్లేదు. ఎంత ఆలోచించినా రావట్లేదు. మళ్లీ నేర్పవా, రాసుకుంటా."

ఎడమచేత్తో పెన్ను పట్టుకుని, కాగితం మీద ఒకటి అని అంకె వేసి నా మొహంలోకి చూసింది.

నేను నోరు తెరిచేలోపు తలుపు తెరుచుకుంది. పిన్ని బట్టల మోపు గుండెలకు పొదువుకుని నిలబడి ఉంది.

"ఏం నేర్పావమ్మా?" అంది.

చెప్పాను. రైల్లో కూర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు, వచ్చినట్టు చెప్పాను. మొద్దు మార్కులు, ఆరు మాటలు, కెటిల్, వాంతి, అన్నీ. మధ్యమధ్యలో బొంగరం "అవునవును, అదే" అని తల ఊపుతోంది, దాని జ్ఞాపకాన్ని ఎవరో వెతికి తెచ్చిచ్చినంత సంబరంగా.

పిన్ని బట్టలు మంచం మీద పెట్టింది.

"ఆ డాక్టరు నిన్ను అడిగాడా?"

"అడిగారు."

"నువ్వేం చెప్పావు?"

"మామూలుగానే ఉందన్నాను."

ఒక చొక్కా తీసి మడత పెట్టింది. విప్పి మళ్లీ మడత పెట్టింది.

"ఆయన పళ్లు పట్టుకొచ్చిన రోజు, నేనన్ని మాటలన్నానే. నువ్వు నా పక్కనే ఉన్నావు."

"ఉన్నాను పిన్నీ."

"పిన్నీ అనకు."

ఆవిడ చొక్కా మంచం మీద పడేసింది. "రేపు ఆయన ఇంటికి వెళ్దాం. ఇదంతా ఆయన ముందు చెప్పు. నేను ఆయన కాళ్లు పట్టుకోవాలి" అంది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "ఆదివారాలు రావడం మానకు. దీనికి నువ్వు కావాలి. రా, దీన్ని చూసుకో, పో. నాతో మాట్లాడకు." వంటింట్లోకి వెళ్లిపోయింది.

బొంగరం తలుపు వైపు చూసింది, నావైపు చూసింది.

"అమ్మకి కోపం వచ్చిందా?"

"వచ్చింది."

"తగ్గుతుందిలే" అని నా మోకాలు తట్టింది. తర్వాత నోటుపుస్తకం సర్దుకుంది. నేనిప్పటిదాకా చెప్పిందంతా అప్పుడే జారిపోయినట్టుంది. "ఇప్పుడు చెప్పక్కా. మెల్లగా చెప్పు. మొదటిదేంటి?"

దాని చెయ్యి పట్టుకోబోయాను. పెన్ను ఉంది కాబట్టి పట్టుకోనివ్వలేదు.

"ఈ పరీక్షకి ఉపాయం లేదే, తల్లీ" అన్నాను.

అది తల ఊపింది. ఒకటి అని వేసిన అంకె పక్కన, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, వంకర అక్షరాలతో ఒక్కొక్కటే రాసింది. ఉపాయం లేదు. కింద రెండు అని అంకె వేసి తలెత్తింది.

"ఊఁ, రెండోది?" అంది.